మూడో ఆదివారం లేచి నిలబడ్డ పిల్ల

ఉపాధ్యాయ శిక్షణ కళాశాల వాళ్ళు ఒకసారి నన్ను మాట్లాడమని పిలిచారు. విషయం కూడా వాళ్ళే పెట్టారు. పెళ్ళి, ప్రేమ, మనుషుల సంబంధాల గురించి ఒక్కో తరం ఒక్కో తీరుగా ఎందుకు ఆలోచిస్తుంది, టీచర్లు దాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి అని. అబ్బో, పెద్ద విషయమే! నేను వెళ్ళి, మంచినీళ్ళు తాగి, నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోయాను. చప్పట్లు కొట్టారు, మర్యాదస్తులు. అక్కడ చెప్పవలసింది ఒకటుండగా చెప్పలేదు. ఉపన్యాసంలో ఇమిడేది కాదు, ఇక్కడ రాస్తాను.

అప్పుడు నేను నాంపల్లిలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. పోలీసు చర్య జరిగి మూడు నాలుగేళ్ళయింది. బళ్ళలో ఉర్దూ తగ్గి తెలుగు వస్తున్న రోజులు, నాబోటి వాళ్ళకు ఉద్యోగాలు దొరికిన రోజులు. స్టేషనుకూ అబిడ్స్‌కూ నడుమ ఒక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. రైలు కూత వినబడితే గడియారం చూడనక్కర్లేదు. ఆ ఇంట్లో నేనూ మా అమ్మా ఉండేవాళ్ళం. మా ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది.

ఆయన అబిడ్స్ తపాలా ఆఫీసులో గుమాస్తా. టైఫాయిడ్ వచ్చింది, దవాఖానలో చేర్చాం, పోయాడు. నేను ఏడవలేదు. బిగబట్టుకుని కాదు, ఏడుపు రాలేదు. సమాధి చేసిన వారానికే బడికి పోయి హాజరు పిలిచాను. తోటి టీచర్లు నా మొహంలోకి తొంగి చూశారు, ఏమన్నా కనబడుతుందేమోనని. ఏమీ లేదు అక్కడ. అన్నం తినేదాన్ని, రుచి తెలిసేది కాదు. ఒకనాడు కూరలో ఉప్పు వెయ్యడం మరిచి, చప్పిడి కూరే మొత్తం తినేశాను. అప్పటికే మా నాయిన పోయి ఒంటరిగా ఉన్న మా అమ్మ మెదక్ నుంచి వచ్చి నా దగ్గర ఉండిపోయింది ఇందుకే. "ఒక్కసారి ఏడ్వవే తల్లీ, పాణం తేలికైతది," అని రోజూ పోరేది. పోరితే వస్తుందా ఏడుపు? విసుగు మాత్రం వచ్చేది, అదీ కాసేపే.

మేం మెదక్ వైపు క్రైస్తవులం. చర్చిని మా వాళ్ళు గుడి అనే అంటారు. ఇక్కడి మా గుడి ఇంటి నుంచి నడిచిపోయే దూరమే. మగవాళ్ళకు కుడివైపు బెంచీలు, ఆడవాళ్ళకు ఎడమవైపు చాపలు. మాలో పెండ్లి కుదిరితే మూడు ఆదివారాలు వరసగా ఆరాధనలో చదువుతారు. ఫలానా వారి కూతురికీ ఫలానా వారి కొడుక్కీ వివాహం నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పండి అని పాస్టరు అడుగుతాడు. మేం ఆయన్ని అయ్యగారు అంటాం. అడిగి, గుక్క తిప్పుకునేంతసేపు ఆగి, పాట నంబరు చెప్తాడు. ఎవరో లేస్తారని కాదు ఆగేది, ఆనవాయితీ. వరుడికి ఇంకో ఊళ్ళో పెండ్లాం ఉంటేనో, వావి వరస కుదరకపోతేనో బయటపెట్టడానికి ఎప్పుడో పెట్టిన నియమం అది. నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరూ లేవగా చూడలేదు. మూడో ఆదివారం కూడా దాటిపోతే ఇక ఆ పెండ్లి ఆగదు.

అట్లా ఒక ఆదివారం మా మెట్రిక్ క్లాసు పిల్ల పేరు చదివారు. తండ్రి నాంపల్లి స్టేషనులో గూడ్సు గుమాస్తా, గుడిలో కానుకల సంచి పట్టే మనిషి. వరుడు మెదక్ దగ్గరి పల్లెలో మిషన్ బడి పంతులు. పెండ్లి పరీక్షకు ముందే, అంటే పిల్ల చదువు అంతటితో సరి. అది నా ముందే చాప మీద కూర్చుని ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వుతూ దాని వీపు తట్టారు. అది తల తిప్పలేదు. సిగ్గు అనుకున్నారు అందరూ, నేను కూడా.

మర్నాడు బడి విడిచాక నేను బోర్డు తుడుస్తుంటే వచ్చి నిలబడింది.

"టీచరమ్మా, ఒకటి అడుగుత. కోపం జెయ్యొద్దు."

"కోపం సంగతి తర్వాత. అడుగు."

"గుడిల అయ్యగారు అడుగుతడు గద, అభ్యంతరం ఉంటె లేసి చెప్పున్రి అని. పెండ్లిపిల్లనే లేసి చెప్పొచ్చునా?"

డస్టరు నా చేతిలో అట్లాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళు ఆ ప్రకటన విన్నాను, పెండ్లిపిల్ల సంగతి నాకెప్పుడూ తట్టలేదు. "నువ్వెందుకు లేస్తవే? అది వేరేవాళ్ళ కోసం," అన్నాను.

"వేరేవాళ్ళ కోసం ఎట్లయితది? పెండ్లి నాది గద."

జవాబు తోచనప్పుడు టీచరు చేసే పని ఎదురు ప్రశ్న వెయ్యడం. "ఎవడే వాడు?" అన్నాను.

"ఎవడు?"

"నీ మనసుల ఇంకెవడో ఉన్నడు. లేకుంటే ఇట్లెందుకు అడుగుతవు?"

ఆ పిల్లకు కోపం రాలేదు. సులువైన లెక్క తప్పు చేసిన తోటి పిల్లను చూసినట్టు చూసింది నన్ను. "ఎవ్వరు లేరు టీచరమ్మా. అందరు గిదే అడుగుతరని మా చెల్లె ముందే చెప్పింది," అన్నది.

"మరేంది నీ బాధ?"

"నన్నెవరు అడగలే. మా నాయిన, మా అమ్మ మెదకు పోయి ఖాయం జేసుకోని వచ్చిన్రు. నాకు చెప్పిన్రు, అడగలే. వద్దనాలని గాదు టీచరమ్మా. ఔనని జెప్పాలన్నా ఎవరన్న అడగాలె గద."

"మీ నాయినకు చెప్పు ఆ మాటే."

"ఇంట్ల జెప్తె ఇంట్లనే అయిపోతది. రెండు దెబ్బలు గొడ్తడు, అమ్మ ఏడుస్తది, అయిపోతది. గుడిల జెప్తె అందరు వింటరు. ఇంక విననట్టు ఉండరాదు."

ఎంత లెక్క వేసుకుని వచ్చిందో చూడండి! పెండ్లి ఇష్టం లేదనలేదు. వాడెవడో నల్లగా ఉన్నాడనలేదు. తనను అడగకుండా ఆ మూడో ఆదివారం దాటిపోకూడదు, అంతే అది కోరింది. "పో, ఇంటికి పో. ఆలోచించి చెప్త," అని పంపేశాను.

ఇంటికి వచ్చి మా అమ్మకు చెప్పాను. బియ్యం ఏరుతోంది. "హవ్వ!" అని చేట పక్కన పెట్టింది. "అడుగుడేందే? అడిగితె ఏం దెలుస్తది గంత పిల్లకు? మమ్ములనెవరు అడిగిన్రు?"

మా అమ్మ పెండ్లి కథ నాకు కంఠోపాఠం. కరువులో తల్లీ తండ్రీ పోతే మిషన్ బోర్డింగులో పెరిగింది. ఈడొచ్చిన పిల్లలందరినీ ఒక పొద్దున మిషన్ తెల్లదొరసాని వరండాలో నిలబెట్టిందట. ఎదురుగా సువార్త పనికి తయారైన పిల్లగాళ్ళను నిలబెట్టిందట. ఎత్తు చూసి జత కలిపిందట, పొడుగు పిల్లకు పొడుగువాడు, పొట్టి పిల్లకు పొట్టివాడు. మా అమ్మ పొడుగు, మా నాయిన పొడుగు. మూడు ఆదివారాలు చదివి, అందరి పెండ్లిళ్ళూ ఒక్కనాడే చేసేశారు. ఈ కథ మా అమ్మ గొప్పగా చెప్పేది. "జోడు గుదిరిందంటె గట్ల గుదరాలె," అనేది. వినేవాళ్ళు నవ్వితే తనూ నవ్వేది. తల్లీ తండ్రీ లేని పిల్లకు ఒకరు నిలబెట్టి ఇల్లు చూపించారు, అదే పదివేలు అనుకున్న మనిషి.

నా నాటికి కాలం మారింది అన్నారు. దొరసాని లేదు, ఎత్తు చూడడం లేదు, మా నాయినే చూశాడు. నేను ట్రెయినింగు స్కూలు నుంచి సెలవుకు ఇంటికి వచ్చిన ఆదివారం గుడిలో నా పేరు చదివారు. పక్కనున్న చిన్నమ్మ నా వీపు తట్టింది. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేవండి అన్నప్పుడు, ఎవరైనా లేస్తారేమోనని నేను కూడా అందరితో పాటు వెనక్కి తిరిగి చూశాను. నవ్వొస్తుంది తలచుకుంటే. అప్పుడది తప్పని నాకు తోచలేదు.

మా ఆయన మంచివాడు, మాట తక్కువ. సాయంత్రం వస్తూ వస్తూ అబిడ్స్ ఇరానీ హోటల్లో బిస్కెట్లు కాగితంలో చుట్టించుకొచ్చి గూట్లో పెట్టేవాడు. ఇదిగో తెచ్చాను అని కూడా అనేవాడు కాదు. ఒకసారి పబ్లిక్ గార్డెన్స్‌లో నడుస్తూ, "ఈ ఊరు నీకు నచ్చిందా?" అని అడిగాడు. "ఉన్నం గద," అన్నాను. మళ్ళీ అడగలేదు. నచ్చడం, నచ్చకపోవడం మా మాటల్లో ఉండేవి కావు. ఉన్నాం, వండుకున్నాం, తిన్నాం. ఆయన పోయాక కూడా నేను అట్లాగే ఉన్నాను.

మర్నాడు సంగతి హెడ్‌మిస్ట్రెస్ చెవిన వేశాను. పెండ్లి పరీక్షకు ముందు కదా, బడి తరఫున ఒక మాట అంటే తండ్రి వింటాడేమోనని నా ఆశ. ఆమెది గుంటూరు వైపు మిషన్ ఊరు. పెండ్లి చేసుకోలేదు, గంజి పెట్టిన తెల్ల చీర నలగనిచ్చేది కాదు. నా మాట పూర్తి కాకముందే, "ఎవడండీ ఆ కుర్రాడు?" అన్నది. ఎవరూ లేరని చెప్పాను. "ఉంటాడండీ, లేకపోతే ఆడపిల్లకు ఇంత నోరు ఎక్కడిది?" అని ఆయాను పంపి ఆ పిల్ల సంచి వెతికించింది. రెండు పుస్తకాలు, సగం కొరికిన జామకాయ దొరికాయి. ఏ ఉత్తరమూ దొరకనందుకు ఆమెకు ఇంకా అనుమానం పెరిగింది.

ఆ గదిలోనే సికింద్రాబాదు నుంచి కొత్తగా వచ్చిన చిన్న టీచరు ఉంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. పత్రికల్లో ప్రేమ కథలు చదివి కళ్ళు తుడుచుకునే పిల్ల. "పాపం, ఎవరినో మనసులో పెట్టుకుని చెప్పుకోలేకపోతోందండీ," అని అప్పుడే కళ్ళు తడి చేసుకుంది. పెద్దామెకు కోపం, చిన్నామెకు జాలి. వెతికింది మాత్రం ఇద్దరూ ఒక్క కుర్రాడినే, లేనివాణ్ణి. ముందురోజు నేనూ వాణ్ణే వెతికాను. ముగ్గురం చదువు చెప్పేవాళ్ళమే, మా ఎదురుగా పిల్ల చెప్పిన మాట మాకు మాట లాగ వినబడలేదు. దాని వెనక మాకు తెలిసిన కథ ఒకటి ఉండి తీరాలి అనుకున్నాం. కొత్త టీచర్లకు నేను చెప్పగలిగిందేదైనా ఉంటే ఇంతే.

హెడ్‌మిస్ట్రెస్ నన్ను ఆపి మెల్లగా అన్నది, "మీరు ఒంటరి మనిషి. ఎవరి ఇంటి పెళ్ళిలోనో వేలు పెట్టకండి. రేపు తండ్రి వచ్చి బడి మీద పడితే నేను మిమ్మల్ని కాపాడలేను. ఉద్యోగం చూసుకోండి." బెదిరింపు కాదు, ఉన్న మాటే. సరేనండీ అన్నాను.

రెండో ఆదివారం కూడా చదివారు. అయ్యగారు అడిగి, ఆగి, పాట నంబరు చెప్పాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూసింది. పాట పుస్తకంలో నాకు పేజీ దొరకలేదు.

ఆరాధన అయ్యాక గుడి వెనక అయ్యగారి ఇంటికి పోయాను. ఆయన చెడ్డవాడు కాడు. అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇన్నేండ్లల్ల ఎవ్వరు అడగలేదమ్మా ఈ మాట," అన్నాడు. "లేవొద్దని ఏడ రాసిలేదు. లేవచ్చని గూడ లేదు. పెండ్లిపిల్ల లేస్తదని ఎవ్వరు అనుకోలే. ఎందుకమ్మా నలుగుర్ల లొల్లి? నేను తండ్రితోని ఒక మాట అంట."

అదే మాట బడిలో పిల్లకు చెప్పాను. అది నవ్వింది, అదొక్కసారే నేను దాని నవ్వు చూడడం. "సూసిన్రా టీచరమ్మా? అయ్యగారు గూడ మా నాయిన్నే అడుగుతనంటుండు. నన్ను గాదు." తర్వాత గొంతు తగ్గించి, "నా పక్కన కూసుంటరా?" అన్నది.

"నేను ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంట," అన్నాను.

కానీ మూడో ఆదివారం పోయి దాని పక్కనే కూర్చున్నాను. ధైర్యం అనుకోకండి. భయపడాలన్నా లోపల ఏదో ఒకటి కదలాలి కదా, నాకు ఏదీ కదలడం లేదు. ఉద్యోగం పోతే పోతుంది అనిపించింది, అది కూడా ఎవరి ఉద్యోగమో అన్నట్టు. మా అమ్మ నా పక్కన కూలబడి, "ఈడెందుకు గూసున్నవే, మన జాగ ఆడ గద," అని గునిసింది.

అయ్యగారు తండ్రితో అంటానన్న మాట అన్నట్టు లేదు, మామూలుగానే చదివాడు. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పండి అన్నాడు. పిల్ల లేచింది. లేచిందే గానీ నోరు పెగల్లేదు. రెండు చేతులతో పైట కొంగు పట్టుకుని నిలబడింది. అయ్యగారు మామూలుగా ఆగినంతే ఆగి, పుస్తకంలోకి తల వంచి, పాట నంబరు మొదలుపెట్టాడు. ఆయన చూడలేదు. చూసి కూడా, చూడనట్టు దాటిపోదామనుకున్నాడో ఏమో. ముందు వరసల్లో ఆడవాళ్ళు అప్పుడే పుస్తకాలు తిప్పుతున్నారు.

తరగతిలో ఒక పిల్ల లేచి నిలబడి ఉంటే టీచరు ముందుకు పోకూడదు. అది నాకు అలవాటు, అంతకన్నా పెద్ద సంగతి కాదు. "అయ్యగారూ, ఆగండి. పిల్ల నిలబడి ఉంది," అన్నాను. బడి గొంతుతో అన్నానేమో, గుడంతా తిరిగి చూసింది.

"ఏమమ్మా?" అన్నాడు అయ్యగారు.

"నాకున్నది అయ్యగారు," అన్నది పిల్ల. చిన్న గొంతే, అయినా అందరికీ వినబడింది.

"ఏంది నీ అభ్యంతరం?"

"నన్నెవరు అడగలే."

మగవాళ్ళ వైపు బెంచీ ఒకటి కిర్రుమంది. తండ్రి లేచాడు. ఏదో అనబోయాడు, కానుకల సంచి ఒళ్ళోంచి జారి కింద పడింది, వంగి అది తీసుకుని మళ్ళీ కూర్చున్నాడు. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మా అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అయ్యగారు, "ఈ ప్రకటన ఈ పూటకు ఆపుతున్న. పెద్దలు కూసోని మాట్లాడ్తరు," అని పుస్తకం మూశాడు. పిల్ల ఇంకా నిలబడే ఉంది. నేను కొంగు పట్టి లాగితే కూర్చుంది.

బయట సైకిలు పట్టుకుని తండ్రి నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. "టీచరమ్మా, మీకేం పనమ్మా మా ఇంట్ల?" అని మొదలుపెట్టాడు గానీ గొంతు పెంచలేదు. "దాని మంచి గోరే జేసిన. అడగాలె అని నాకు తెల్వదు. నన్ను మా నాయిన అడిగిండా? ఎవరన్న చెప్తె గద తెలిసేది?" అన్నాడు. పరువు పోయిన మనిషి కళ్ళు. సైకిలు తోసుకుంటూ స్టేషను వైపు పోయాడు. ఎక్కి తొక్కలేదు.

సంఘపెద్దలు కూర్చున్నారు. ఇయ్యాల ఇది లేస్తే రేపు అన్నీ లేస్తాయి అని ఒకాయన అరిచాడట. నన్ను బడి నుంచి తీసెయ్యమని హెడ్‌మిస్ట్రెస్‌కు కబురు పోయిందట. ఆమె నన్ను పిలిచి ఏమీ అనలేదు, "క్లాసుకు వెళ్ళండి," అన్నది. చివరికి అయ్యగారు ఒకటి తేల్చాడు. పిల్లగాణ్ణి పిలిపించాలి, తండ్రి కూడా ఉండగా పిల్లను అడగాలి, అది ఏమంటే అదే. ఎవరింట్లో? పిల్ల వాళ్ళ ఇంట్లో అంటే చుట్టూ వాడకట్టంతా మూగుతుంది. నిప్పు ముట్టించినావిడ ఇంట్లోనే అన్నారు, అంటే మా ఇంట్లో.

ఆ తర్వాతి శనివారం ఆ అబ్బాయి గౌలిగూడలో బస్సు దిగి నడిచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. కొత్త చెప్పులు కరిచినట్టున్నాయి, గడపలో విప్పి పక్కన పెట్టుకున్నాడు. పిల్ల, తండ్రి లోపలి గదిలో చాప మీద ఉన్నారు. మా అమ్మ చాయ్ పెట్టింది. అయ్యగారు వచ్చి, ప్రార్థన చేసి, "మాట్లాడుకొండ్రి," అని గడపలో కూర్చుని వీధి వైపు చూడసాగాడు.

ఎవరికీ మాట్లాడడం రాదు. అప్పటి దాకా మా వాళ్ళలో ఎవరూ ఆ పని చెయ్యలేదు, ఎట్లా మొదలుపెట్టాలో ఎవరికి తెలుసు? చాయ్ మీద మీగడ కట్టింది. ఆఖరుకు ఆ అబ్బాయే, "నన్ను గూడ అడగలేదండి," అన్నాడు. "మా పెదనాయిన చెప్పిండు, నేను సరే అన్న. మీరు లేసి చెప్పిన్రని తెలిసినంక మూడు దినాలు నాకు గదే ఆలోచన. నన్నెవరన్న అడిగిన్రా అని."

పిల్ల తల ఎత్తి మొదటిసారి అతన్ని చూసింది.

"నేను అడుగుతున్న," అన్నాడు. "నన్ను చేసుకునుడు మీకు ఇష్టమేనా?"

తండ్రి గోడ వైపు చూస్తున్నాడు. పిల్ల చాలాసేపు ఆలోచించింది. తొందరపడలేదు. "లేదండి," అన్నది. "మీరు మంచిగనే ఉన్నరు. నాకు ఇంక చదువాలని ఉన్నది. పల్లెకు రావాలని లేదు. మిమ్ముల చూస్తె నాకు ఇష్టమని అనిపిస్తలేదు. ఏమనుకోకున్రి."

ఆ అబ్బాయి తల ఊపాడు. చెంపలు ఎర్రబడ్డాయి, చాయ్ మాత్రం ఆపకుండా తాగాడు. "మొఖం మీద చెప్పిన్రు, మంచిగైంది," అన్నాడు. లేచి, తండ్రికి దండం పెట్టి, చెప్పులు చేతిలోనే పట్టుకుని సందు చివరి దాకా పోయాడు. ఆ పిల్ల ఆ ఏడు పరీక్ష రాసింది, పాసయింది. తండ్రి దానితో చాలా నెలలు మాట్లాడలేదని విన్నాను. ఆ అబ్బాయి మరో ఏడాదికి ఎవరినో చేసుకున్నాడు, ఆమెను ముందే అడిగాడో లేదో నాకు తెలియదు.

ఆనాడు అందరూ పోయాక నేను పెరట్లో కూర్చుని కప్పులు కడుగుతున్నాను. మా అమ్మ వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఎండ ఇంకా ఉంది. "నన్నడిగుంటె నేను గూడ వద్దందును," అన్నది.

"ఏంది?"

"మీ నాయిన్ని. వద్దందును."

తిరిగి చూశాను. నవ్వడం లేదు. "కొట్టలే, తిట్టలే. మంచోడే," అన్నది. "గని వద్దందును. ఇయ్యాల్టిదాంక ఎవ్వరికి చెప్పలే. చెప్పేటందుకు ఎవరన్న అడగాలె గద." నేను ఆ సంసారంలో పుట్టినదాన్ని. బాధ కలగాలి కదా, ఏమీ కలగలేదు. ఇంకో కప్పు అందుకున్నాను.

"నిన్ను గూడ మేమడగలే బిడ్డా," అన్నది మా అమ్మ. "అడిగుంటె ఏమందువు?"

"ఔనందును," అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. అన్నాక, అది నా గొంతేనని తెలిసింది. ఔనందును. ఆయన ఆ అబ్బాయి లాగా వచ్చి మా ఇంట్లో కూర్చుని, చాయ్ ముందు పెట్టుకుని, నన్ను అడిగి ఉంటే, నేను ఔననే అందును. చదివిన మూడు ఆదివారాలలోనూ నాకు ఆ సంగతి తెలియదు. కాపురం చేసిన ఏళ్ళలోనూ తెలియదు. ఎవరూ అడగలేదు, నేను వెతుక్కోలేదు. పెద్దవాళ్ళు కట్టబెడితే ఉన్నది, అంతే అనుకుని పోయాడు ఆయన. ఇష్టపడి ఉన్నానని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు.

కప్పు కింద పెట్టాను. చేతులకు సబ్బు ఉండగానే మొహం కప్పుకుని ఏడ్చాను. గట్టిగా, పక్కింటి వాళ్ళు గోడ మీంచి చూసేటంత గట్టిగా ఏడ్చాను. మా అమ్మ నన్ను ఊరుకోబెట్టలేదు, మెట్టు దిగి రాలేదు. "ఆయనకు చెప్పలేదమ్మా, ఆయనకు తెల్వదు," అని నేను అంటుంటే, "ఔ బిడ్డా, ఔ," అంటూ అక్కడే కూర్చుంది.